ఆచార్య సూరి భగవంతముగారు: అయస్కాంత స్ఫటికముల పరిశోధన

మన గుంటూరు సీమలో ప్రత్తిని వేళ్లనడుమ సాగదీసి పింజ పొడవు చెప్పగల రైతులు నేటికిని కలరు. మిరపకాయను చేతబట్టి, తొడిమ చూచి, రంగు చూచి, తేమ యెంత యున్నదో చెప్పు వర్తకులు కలరు. వస్తువును పరీక్షించి గుణము నెఱుగుట మనవారికి క్రొత్తవిద్య కాదు. అయితే వస్తువు లోపల కంటికి కానరాని యణువులు ఏ వరుసను నిలిచియున్నవో, ఆ వరుసను బట్టి ఆ వస్తువు అయస్కాంతమున కెట్లు లోబడునో లెక్కకట్టి చెప్పుట మఱియొక విద్య. ఆ విద్యయందు ప్రపంచ మెఱిగిన పండితులలో నొకరు మన కృష్ణానదికి ఆవలి సీమలో జన్మించిన తెలుగువారు. వారు ఆచార్య సూరి భగవంతముగారు. ఈ సంచికను చదువు సోదర సోదరీమణులకును, సభను పోషించు పెద్దలకును వారి పరిశోధన జీవితమును కొంత విపులముగా తెలుపుట యుచితమని మేము తలచితిమి. వారు వైస్ ఛాన్సలరు పదవిని, రక్షణమంత్రికి శాస్త్రవిషయముల సలహాదారు పదవిని నిర్వహించిన సంగతి పెక్కు రెఱుగుదురు. ఆ పదవులకు మూలమైన శాస్త్రకృషిని ఎఱిగినవారు తక్కువ. కావున పదవుల ముచ్చటను త్వరగా ముగించి, స్ఫటికముల ముచ్చటనే సాగదీయుదుము.

భగవంతముగారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీని నాటి కృష్ణామండలములోని ఆగిరిపల్లి గ్రామమున జన్మించిరి. నూజివీటికి చేరువనున్న యీ యూరు శోభనాచలము కొండవలనను, దానిమీది నరసింహస్వామి వలనను ప్రసిద్ధము. ఉన్నతవిద్యకై వారు హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరిరి. నిజాముగారి రాజధానిలోనే యున్నను ఆ కళాశాల అప్పుడు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1928లో భౌతికశాస్త్రము ప్రధానముగా బి. యస్సీ. పట్టమును ప్రథమశ్రేణిలో పొందిరి.

ఆ కాలమున ప్రథమశ్రేణి పట్టభద్రునకు దారులు స్పష్టముగానే యుండెను. సర్కారు కొలువు, లేదా న్యాయవాద వృత్తి, అంతకు మించిన సాహసికులకు సీమ ప్రయాణము. పరిశోధన యనునది యొక జీవనోపాధి కాగలదని మన యిండ్లలో తల్లిదండ్రు లెవ్వరును అనుకొనెడివారు కారు. అట్టి రోజులలో ఈ పందొమ్మిదేండ్ల యువకుడు కలకత్తాకు రైలెక్కెను. అందులకు కారణము ఆ యేడాదియే జరిగిన యొక సంఘటన. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తా బౌబజారు వీధిలోని 210వ నంబరు భవనమున, 1876లో మహేంద్రలాల్ సర్కారుగారు స్థాపించిన శాస్త్రపరిషత్తులో, సి. వి. రామన్ గారు తమ శిష్యుడు కె. ఎస్. కృష్ణన్ గారితో కూడి పరిక్షిప్తకాంతిలో క్రొత్త వర్ణరేఖలను కనుగొనిరి. ఆ వార్త విన్న దక్షిణాది విద్యార్థులలో పెక్కుమంది ఆ వీధికి చేరిరి. భగవంతముగారు వారిలో నొకరు. 1930లో రామన్ గారికి నోబెలు బహుమానము వచ్చుటకు రెండేండ్లు ముందుగనే వారా ప్రయోగశాలలో నుండిరి.

అక్కడ అందఱును కాంతిని గూర్చియే పనిచేయుచుండగా, భగవంతముగారు చేపట్టిన తొలి పనులలో నొకటి అయస్కాంతమునకు సంబంధించినది. 1929లో లండను రాయల్ సొసైటీ వారి పత్రికలో, నాఫ్తలీను స్ఫటికముల అయస్కాంత గుణము దిక్కును బట్టి మాఱుటను గూర్చి వారి వ్యాసము వెలువడెను. అప్పటికి వారికి ఇరువదియేండ్ల ప్రాయము. నాఫ్తలీను మన యిండ్లలో అందఱెఱిగినదే. పట్టుచీరల పెట్టెలో పురుగు పట్టకుండ వేయు కలరా ఉండలు ఆ పదార్థముతోనే చేయబడునవి. ఇంత సామాన్యమైన వస్తువునుండి ఏమి గొప్ప రహస్యము తీయగలమని చదువరులు సందేహింతురు. కావున ఇచట కొంచెము నిలిచి వివరింపవలసి యున్నది.

ఇనుమును అయస్కాంతము లాగుకొనునని పిల్లలకును తెలియును. కాని ఇనుము వంటివి కొన్నియే. బంగారము, నీరు, ప్రత్తి, మన యెముకలు, ఇట్టివానిని అయస్కాంతము లాగదు సరికదా, మిక్కిలి స్వల్పముగా దూరమునకు నెట్టును. ఆ నెట్టుడు ఎంత స్వల్పమనగా మామూలు కంటికి అది లేనట్లే. నాఫ్తలీను అణువు పది కర్బన పరమాణువులును ఎనిమిది ఉదజని పరమాణువులును గల బల్లపరుపు వస్తువు. రెండు షట్కోణములు ఒక అంచున అంటుకొనియున్నట్లుండును. ఇట్టి వలయములుగల యణువును అయస్కాంతము నెట్టునపుడు, వలయమునకు నిలువుగా ఆ బలము హెచ్చుగాను, వలయపు తలమున తక్కువగాను ఉండును. స్ఫటికములో ఈ యణువులు కోట్లకొలది వరుసలు తీరియుండును కదా. కావున సన్నని పోగునకు స్ఫటికమును వ్రేలగట్టి అయస్కాంత ధ్రువములనడుమ నుంచినచో, అది తనకు అనుకూలమైన దిక్కునకు మెల్లగా తిరుగును. ఆ తిరుగుడును కొలిచినచో లోపల అణువులు ఏ వాలున పేర్చబడియున్నవో ఊహింపవచ్చును. తలుపు తీయకయే గాదెలో బస్తాలు అడ్డముగా పేర్చిరో నిలువుగా పేర్చిరో చెప్పుట వంటి పని యిది. ఎక్సురే కిరణములతో స్ఫటికముల కట్టడమును చూచుట అప్పటికి ఆరంభమై యుండెను. కాని నాఫ్తలీనులో అణువుల వాలు నిస్సంశయముగా తేలియుండలేదు. అట్టి తరుణమున అయస్కాంతపు కొలత ఒక స్వతంత్ర సాక్ష్యము నిచ్చెను. ఈ మార్గమును కృష్ణన్ గారు ఢాకాలోను, ఆ పిదప కలకత్తాలోను పెక్కు స్ఫటికములకు విస్తరించి, అయస్కాంతశాస్త్రమున భారతీయుల పేరు నిలిపిరి.

ఈ కథకు ఐరోపానుండి యొక వింత కొసరు కలదు. 1911లో హాలెండు దేశమున లైడెన్ నగరమందు కామర్లింగ్ ఓన్నెస్ అను పండితుడు పాదరసమును పరమశూన్య శీతలతకు 4 డిగ్రీల దరికి, అనగా మన లెక్కలో సున్నకు దిగువ 269 డిగ్రీలకు చల్లార్చగా, దానిలో విద్యుత్ప్రవాహమునకు కలుగు అడ్డు ఒక్కసారి మాయమయ్యెను. దీనికే అతివాహకత్వమని పేరు. 1933లో బెర్లినులో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనువారు ఇట్టి లోహము తన గర్భమునుండి అయస్కాంత బలమును పూర్తిగా వెడలగొట్టునని చూపిరి. నీరును ప్రత్తియు స్వల్పముగా చేయుదానినే అతివాహకము సంపూర్ణముగా చేయుచున్నదన్నమాట. 1937లో ఫ్రిట్జ్ లండన్ అను సిద్ధాంతవేత్త ఈ రెంటిని ముడివేసి, నాఫ్తలీను వంటి అణువుల వలయములలో ఎలక్ట్రానులు అడ్డులేక తిరుగుచున్నవనియు, కావున ఆ వలయ మొక్కొక్కటియు అతిసూక్ష్మమైన అతివాహకముగా తలపదగినదనియు ప్రతిపాదించెను. మన యువకుడు బౌబజారులో కొలిచిన స్ఫటికమున ఆ సంగతియే దాగియుండెను. భగవంతముగారు అతివాహక లోహములతో ప్రయోగము చేసినవారు కారు. అందులకు కావలసిన ద్రవ హీలియము మనదేశమున లభించినది స్వాతంత్ర్యము వచ్చిన తరువాతనే. చేతనున్న వస్తువుతో చేయదగిన పనిని ఎంచుకొనుట వారి తెలివి. పరికరము లేదని కూర్చుండిన పండితులు ఆ కాలమున చాలమంది యుండిరి కనుక ఈ మాట వ్రాయుచున్నాము.

కలకత్తాలో వారు గురువుగారితో కలసి చేసిన మఱియొక పని చెప్పక తప్పదు. 1931లో రామన్, భగవంతము గారలు కాంతిపరిక్షేపణమును పరీక్షించి, కాంతికణమునకు బొంగరము వలె తనలో తాను తిరుగు స్వభావము కలదని ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. ఆ సంగతి 1932 ఆరంభమున ఇంగ్లండు పత్రిక నేచర్ నందును ప్రకటితమయ్యెను. పాఠ్యపుస్తకములలో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదని మా యభిప్రాయము. గురువుగారి పేరు మహావృక్షమైనపుడు క్రిందనున్న మొక్కమీద వెలుతురు తక్కువగా పడుట లోకసహజము.

1932లో భగవంతముగారు వాల్తేరునందు ఆంధ్రవిశ్వకళాపరిషత్తున అధ్యాపకులైరి. 1926లో బెజవాడయందు పుట్టిన ఆ పరిషత్తు వాల్తేరునకు చేరి అప్పటికి రెండేండ్లే. వైస్ ఛాన్సలరుగా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారుండిరి. శాస్త్రవిభాగములను అప్పుడే నెలకొల్పుచుండిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళమును పరిషత్తున కొసగిరి. శాస్త్ర సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడెను. మన పోషకులు ఈ విషయమును గమనింపగోరుదుము. ఆనాడు కోస్తాలో గొట్టములు, కటకములు, బ్యాటరీలు కొనుట కెవరైన ధనమిచ్చి యుండకున్నచో, ఇరువదిమూడేండ్ల యధ్యాపకుడు ఎంత ప్రజ్ఞావంతుడైనను నల్లబల్లతో సరిపెట్టుకొనవలసి వచ్చెడిది. భగవంతముగారు ముప్పదియేండ్లు నిండకమునుపే ఆచార్యులై భౌతికశాస్త్రశాఖకు అధిపతులైరి. 1940లో వారి తొలి గ్రంథము, కాంతిపరిక్షేపణమును రామన్ ఫలితమును గూర్చినది, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షముననే వెలువడెను.

ఇక మన గుంటూరున కీ కథలో గల భాగమునకు వత్తుము. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. వాల్తేరు భవనములు సైన్యమునకు అవసరమయ్యెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు వైస్ ఛాన్సలరుగా నున్న ఆ పరిషత్తు తన కళాశాలలను గుంటూరునకు తరలించి, యుద్ధకాలమంతయు ఇచటనే నడపెను. ప్రయోగశాలను తరలించుట సంసారమును తరలించుట వంటిది కాదు. బల్లలు, కుర్చీలు, పుస్తకములు బండి కెక్కును. కాని నెలలు శ్రమించి సరిచేసిన దర్పణపు కోణము, కదలకుండ నిలిపిన వర్ణమాపకము, చీకటిగది, ఇవి బండి కెక్కవు. చేరినచోట మొదటినుండి మఱల కట్టుకొనవలసినదే. యుద్ధమువలన విదేశపు సామగ్రి రాకయు ఆగిపోయెను. మిరపఘాటు నిండిన యీ పట్టణమున, ఈ యెండలలో, ఆ అధ్యాపకులును శిష్యులును పనిచేసిరి. భగవంతముగారి పరిశోధనలలో మేలైనవి కొన్ని ఈ యుద్ధసంవత్సరములకే చెందినవి యగుట మనకు గర్వకారణము.

అందొకటి 1942 నాటిది. పారదర్శకమైన స్ఫటికమును నొక్కినచో దానిలో కాంతి నడచు తీరు మాఱును. ఆ మార్పును లెక్కించుటకు ఏ తరగతి స్ఫటికమునకు ఎన్ని సంఖ్యలు కావలయునో జర్మను పండితుడు పోకెల్స్ పందొమ్మిదవ శతాబ్ది చివర పట్టికలు వ్రాసి యుండెను. అర్ధశతాబ్ది కాలము ఆ పట్టికలనే ప్రపంచమంతయు నమ్మెను. భగవంతముగారు సౌష్ఠవ నియమములను మొదటినుండి అన్వయించి చూడగా కొన్ని తరగతులకు ఆ లెక్క తప్పని తేలెను. ఘనాకారపు స్ఫటికములకు మూడేసి సంఖ్యలు చాలునని పోకెల్స్ చెప్పగా, వానిలో రెండు తరగతులకు నాలుగు వలయునని వీరు చూపిరి. యాబదియేండ్లు ఎవ్వరును ప్రశ్నింపని పట్టికను తిరిగి లెక్కపెట్టుట వినయముగల వానికి సాధ్యము కాదని కొందఱందురు. మేమట్లనుకొనము. పెద్దలు వ్రాసినది గౌరవముతో మఱల లెక్కించుటయే శిష్యధర్మము. 1944లో వారు భీమసేనాచారిగారితో కూడి, చెవికి వినరాని సూక్ష్మధ్వనులను స్ఫటికముల గుండ పంపి వాని గట్టిదనమును కొలుచుటకు క్వార్ట్జు ఏటవాలు బిళ్ల నుపయోగించు పద్ధతిని ప్రకటించిరి. మందము క్రమముగా మాఱు బిళ్ల కనుక అది యొకే పలుకు పలుకక వరుసగా పెక్కు స్థాయిలు పలుకును. చిన్న తునకనైనను పరీక్షించుటకు వీలు కలిగెను. ఖరీదైన యంత్రములు లేనిచోట పుట్టిన యుక్తి యిది.

పై రెండు పనులలో మొదటిదానికి ఆధారము సౌష్ఠవము. భగవంతముగారి జీవితమంతయు నడపిన సూత్రమదియే కనుక మన వాకిటనుండియే దానిని వివరింతుము. చుక్కల ముగ్గును తలచుకొనుడు. నాలుగు మూలలు సమానముగానున్న ముగ్గును పావు చుట్టు త్రిప్పినను, అద్దములో చూచినను అదే ముగ్గు. ఏయే మార్పులు చేసినను ముగ్గు మాఱనట్లు కనబడునో ఆ మార్పులన్నియు చేరి యొక కుటుంబ మగును. గణితజ్ఞులు దానిని సమూహమందురు. స్ఫటికములు మూడు దిక్కుల ముగ్గులు. వాని కుటుంబములు ముప్పదిరెండే. ఏ స్ఫటికమైనను ఆ ముప్పదిరెంటిలో నొకదానికి చెందవలసినదే. కుటుంబ మేదో తెలిసినచో, ఆ స్ఫటికమునకు ఏ గుణములుండవచ్చును, ఏవి యుండనే యుండవు, ఉన్నవానిని చెప్పుటకు కనిష్ఠముగా ఎన్ని సంఖ్యలు కావలయును అను ప్రశ్నలకు ప్రయోగశాలకు పోకయే సమాధానము చెప్పవచ్చును. 1939లో భగవంతముగారును, గణితజ్ఞులు టి. వెంకటరాయుడుగారును ఈ పద్ధతిని స్ఫటికముల రామన్ వర్ణరేఖలకు అన్వయించిరి. వారి పేరులతోనే ఆ పద్ధతి నేటికిని వ్యవహరింపబడుచున్నది. 1948లో వారిరువురి గ్రంథము, సమూహసిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించుటను గూర్చినది, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ముద్రించెను. తెలుగుదేశమున అచ్చయిన భౌతికశాస్త్ర గ్రంథమును విదేశీయులు కొని చదువుట అంతకుముందు అరుదు.

పదవులు అప్పటినుండి వెంట వెంట వచ్చెను. పరిషత్కళాశాలల ప్రిన్సిపాలు పదవిని నిర్వహించిన పిదప, 1948లో వారు లండనులోని భారత హైకమిషనరు కార్యాలయమున శాస్త్రవిషయక ఉద్యోగియై వెళ్లిరి. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. ఆ యేడాదియే సూర్యనారాయణగారితో కలసి, స్ఫటికముల భౌతికగుణములన్నిటికిని సమూహసిద్ధాంతమును అన్వయించు వ్యాసమును అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. 1952 మొదలు 1957 వఱకు ఉస్మానియా వైస్ ఛాన్సలరు. 1957 మొదలు 1962 వఱకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరక్టరు. 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్రవిషయముల సలహాదారు. ఈ చివరి పదవిలో వారికి ముందువారు డి. ఎస్. కొఠారిగారు.

ఈ యెనిమిదేండ్లలో రెండు యుద్ధములు జరిగెను. 1962లో చైనాతో, 1965లో పాకిస్తానుతో. మొదటి యుద్ధమున మన సైన్యము పడిన కష్టములు ఎల్లరెఱిగినవే. 1958లో ఏర్పడిన రక్షణ పరిశోధనా సంస్థ అప్పటికి పసిబిడ్డ. హైదరాబాదున క్షిపణుల ప్రయోగశాల మొలకెత్తినదియు ఆ కాలముననే. ఇట్టి బరువు నెత్తినున్నవాడు స్ఫటికముల సౌష్ఠవమును గూర్చి ఆలోచించునా యని ఎవరైన అడుగవచ్చును. ఒక పండితుని ప్రయోగశాలనుండి లాగి దస్త్రముల వెనుక కూర్చుండబెట్టుట దేశమునకు లాభమా నష్టమా యను వివాదము నాడును ఉండెను, నేడును కలదు. మా అభిప్రాయ మడిగినచో, వాల్తేరునందే నిలిచియున్నచో భగవంతముగారు ఇంకను నాలుగు గొప్ప గ్రంథములు వ్రాసియుందురు. అయితే ఆ పదవులలో వారు లేకున్నచో ఎన్ని ప్రయోగశాలలు పుట్టకపోయెడివో ఎవరు లెక్కింపగలరు? ఈ త్రాసు సరిగా తూగునది కాదు. మేము చెప్పగలిగిన దొక్కటి కలదు. ఆ పదవిలో నుండియే వారు తమ శాస్త్రజీవితములో కడపటి గొప్పపనిని చేసిరి. ఆ పని మఱల అయస్కాంతమును గూర్చినదే.

ముగ్గు వద్దకే మరలుదుము. ఇప్పుడు చుక్కలకు రంగు లద్దుడు. చతురస్రపు నాలుగు మూలల చుక్కలకు ఒకటి విడిచి యొకటిగా కుంకుమయు పసుపును పెట్టుడు. ఇంతకుముందు పావు చుట్టు త్రిప్పినను ముగ్గు మాఱలేదు. ఇప్పుడు త్రిప్పినచో పసుపున్నచోట కుంకుమ వచ్చును. అర్ధచుట్టు త్రిప్పినచోనే రంగులు మఱల కుదురును. లేదా పావు చుట్టు త్రిప్పి, పిదప రంగులను తాఱుమాఱు చేసినను పాత ముగ్గే వచ్చును. అయస్కాంత స్ఫటికములలో సరిగా ఇదియే జరుగుచున్నది. ప్రతి పరమాణువును ఒక చిన్న అయస్కాంతము. కొన్నింట అన్నియు ఒకవైపే చూచును, ఇనుము అట్టిది. మఱికొన్నింట ఒకటి పైకి, దాని ప్రక్కది క్రిందికి చూచును. అట్టి స్ఫటికము వెలుపలికి అయస్కాంతమువలె కనబడదు. పైచూపు కుంకుమ, క్రిందిచూపు పసుపు అనుకొన్నచో పాత ముప్పదిరెండు కుటుంబములు చాలవు. రష్యా పండితుడు షుబ్నికోవు 1951లో ఈ రెండురంగుల సౌష్ఠవమును శాస్త్రబద్ధము చేసెను. రంగులను కూడ లెక్కకు తీసికొన్నచో కుటుంబములు మొత్తము 122 అగును.

కుటుంబములు పెరిగినవి కనుక గుణముల పట్టికలను తిరిగి వ్రాయవలసి వచ్చెను. స్ఫటికమును నొక్కినంతనే అయస్కాంతత్వము పుట్టు గుణము కొన్నింట నుండవలెనని సిద్ధాంతము చెప్పెను. 1959లో మాస్కోలో బోరోవిక్ రొమానోవు కోబాల్టు ఫ్లోరైడునందును మాంగనీసు ఫ్లోరైడునందును దానిని చూచెను. విద్యుద్బలము తగిలించినచో అయస్కాంతత్వము పుట్టు గుణమును 1960లో ఆస్త్రోవు క్రోమియం ఆక్సైడునందు కనుగొనెను. ఇవి వాల్తేరు పద్ధతికి ఎదురుచూచుచున్న సమస్యలు. 1964లో భగవంతముగారు పి. వి. పంతులుగారితో కలసి, అయస్కాంత సౌష్ఠవమునకును స్ఫటికముల భౌతికగుణములకును గల సంబంధమును, రామన్ గారు బెంగుళూరున స్థాపించిన అకాడమీ పత్రికలో వివరించిరి. తరగతి తరగతికి ఏ గుణమునకు ఎన్ని సంఖ్యలు వలయునో సమూహసిద్ధాంతముతో తీయుట వారి మార్గము. 122 తరగతులలో తమంత తాము అయస్కాంతములు కాగలవి 31 మాత్రమే. నొక్కినపుడు అయస్కాంతత్వము పుట్టగలవి 66. మిగిలిన తరగతుల స్ఫటికమును చేతబట్టి ఆ గుణముకై ఎన్నియేండ్లు వెదకినను దొరకదు. ప్రయోగము చేయువానికి ఇట్టి పట్టిక యొక గొప్ప యుపకారము. నీరు పడని చోట బావి త్రవ్వవలదని ముందుగా చెప్పు వాని విలువ మన మెట్టరైతులకు వేఱుగ తెలుప నక్కరలేదు.

ఈ కృషి యంతయు చేర్చి 1966లో స్ఫటిక సౌష్ఠవము, భౌతికగుణములు అను గ్రంథమును విదేశమున ప్రచురించిరి. యుద్ధము ముగిసి యొక యేడాదియే గడచియుండెను. సలహాదారు పదవి ఇంకను వారి మీదనే యుండెను. 1929లో కలరా ఉండ పదార్థపు స్ఫటికమును అయస్కాంతమునడుమ వ్రేలగట్టిన యువకుడు ముప్పదియేడేండ్లకు ఈ గ్రంథముతో ఆ ప్రశ్నకే, ఎంతో విశాలమైన రూపమున, మరలి వచ్చెను. నడుమ కాంతి, ధ్వని, వజ్రము, గణితము, రాజధానులు, మంత్రులు అన్నియు వచ్చిపోయెను.

ఆ గ్రంథము వెలువడిన మఱుసటి యేడు, 1967లో, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గుంటూరు చేరువనున్న నల్లపాడున స్నాతకోత్తర కేంద్రమును తెఱచెను. యుద్ధకాలమున అతిథియై వచ్చిన పరిషత్తు ఈ సారి స్థిరముగా కాలు పెట్టినట్లయ్యెను. 1976లో ఆ కేంద్రమే నాగార్జున విశ్వవిద్యాలయముగా మాఱెను. మన జిల్లా బాలురు, బాలికలు భౌతికశాస్త్రమున ఎం. యస్సీ. చదువుటకు అంతకుముందు వాల్తేరు రైలెక్కవలసి యుండెడిది.

పదవీవిరమణ తరువాత భగవంతముగారు వెనుకబడిన దేశములలో శాస్త్రాభివృద్ధికై అంతర్జాతీయ శాస్త్రమండలి వారు ఏర్పఱచిన సంఘమునకు అధ్యక్షులుగా కొంతకాలము పనిచేసిరి. వారి జీవితమునకు ఇతర ముఖములును కలవు. అవి యీ వ్యాసమునకు వెలుపలివి.

వారి చివరి యేండ్లలో అతివాహకశాస్త్రమున పెను సంచలనము కలిగెను. 1986లో స్విట్జర్లాండులో బెడ్నార్జ్, ముల్లర్ అనువారు రాగి ఆక్సైడు జాతి పదార్థము నొకదానిని కనుగొనగా, 1987లో సున్నకు దిగువ 180 డిగ్రీల దరినే అతివాహకమగు పదార్థము బయటపడెను. పాదరసమునకు కావలసిన 269 డిగ్రీల చలి ఇక అక్కరలేదు. చవుకగా దొరకు ద్రవ నత్రజనియే చాలును. కళాశాల విద్యార్థులు సైతము మన ప్రయోగశాలలలో అతివాహకమును చేసి, దానిపై అయస్కాంతపు తునక గాలిలో తేలుటను చూడగలిగిరి. ఆ జాతికి మూలమైన లాంథనము, రాగి, ఆక్సిజను కలసిన స్ఫటికమును న్యూట్రానులతో పరీక్షింపగా 1987లోనే మఱియొక సంగతి తేలెను. దానిలో రాగి పరమాణువులు చతురస్రపు గళ్లలో నిలిచి, ఒకటి పైకి, దాని ప్రక్కది మఱియొకవైపునకు అయస్కాంతపు ముఖములు త్రిప్పుకొని యుండెను. కుంకుమ, పసుపు ఒకటి విడిచి యొకటి పెట్టిన ముగ్గు అదియే. ఆ ముగ్గు చెదరినప్పుడు అతివాహకత్వ మెట్లు పుట్టుచున్నదో పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. ఆ వాదమున ఇరుపక్షములవారును సౌష్ఠవమును, సమూహసిద్ధాంతమును చేతబట్టియే మాటలాడుదురు.

1989 ఫిబ్రవరి 6వ తేదీన భగవంతముగారు స్వర్గస్థులైరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదితొమ్మిదేండ్లు.